ఎవరూ లేరని రాసింది

పొద్దున్నే పేపరు విప్పితే చాలు, ఆయన నోరు ఊరుకోదు. ముప్పై ఏళ్లు లేత్ మిషన్ ముందు నిలబడి ఇనుము చెక్కిన మనిషి, ఆ చప్పుడుకి గొంతు కూడా పెద్దదైపోయింది.

"ప్రభుత్వం పని సరిహద్దు కాయడం, దొంగల్ని పట్టుకోవడం. అన్నం కలిపి నోట్లో పెట్టడానికి అదేమన్నా మన మేనత్తా? ఇంటిని ఇంటివాళ్లే చూసుకోవాలి. అప్పుడే దేశం దేశంలా ఉంటుంది!" అని గోడకి చెబుతున్నాడు.

సరిగ్గా అప్పుడే సంక్షేమ కార్యాలయం నుంచి ఒకావిడ ఫైలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మంచాన పడ్డ మీ ఆవిడకి సాయంగా మనిషిని పంపమని మీ అమ్మాయి అర్జీ పెట్టారండీ. పగలు చూసుకునేవాళ్లు ఎవరూ లేరని రాశారు."

ఆయన లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "ఎవరూ లేరా? మరి నేనెవర్ని? చచ్చి, పటమై గోడకెక్కానా? మాకెవరి సాయం అక్కర్లేదు, వెళ్లిరండమ్మా!" అంటూ తలుపు ధడాలున వేశాడు.

ఆ చప్పుడుకి కూతురు తడిచేతులతో తల్లి గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఎందుకు పంపేశావు నాన్నా?"

"సిగ్గులేదూ నీకు? తండ్రి బతికుండగా అలా రాయడానికి చేతులెలా వచ్చాయే?"

"రాశాను. మళ్లీ రాస్తాను. ఏడు నెలల్నుంచి మధ్యాహ్నం ఆఫీసు వదిలి పరిగెత్తుకొచ్చి అమ్మ బట్టలు మారుస్తున్నాను. ఇంకోసారి మధ్యలో లేస్తే ఇక రానక్కర్లేదని మేనేజరు మొహం మీదే చెప్పాడు. ఆ టైముకి నువ్వెక్కడుంటావు? ఈ కుర్చీలోనే, దేశాన్ని ఉద్ధరిస్తూ!"

"ఆడవాళ్ల ఒంటి పనులు నేనెలా..."

"ఆమె నీ పెళ్లాం నాన్నా, పరాయి ఆడది కాదు! సరే, ఒక్కటి చెప్పు. అమ్మ వీపు మీద పుండు ఏ పక్కనుంది?"

పుండా? ఆయనకి పుండు సంగతే తెలియదు. కోపం దిగలేదు, ఎవరి మీద చూపించాలో మాత్రం తోచలేదు. విసవిసా గదిలోకి నడిచాడు.

"పుండు పడితే నాకు చెప్పవేం?" అని భార్య మీదే అరిచాడు.

ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "మీకు అసహ్యం వేస్తుందనీ..." అంది మెల్లగా.

ఆ మాటకి మనిషి కుదేలయ్యాడు. ఇంటివాళ్లే చూసుకోవాలన్నదాంట్లో ఆయనకి ఇప్పటికీ తప్పు కనిపించలేదు. ఆ ఇంటివాళ్లలో తను ఎక్కడా లేకపోవడం కనిపించింది. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

"మధ్యాహ్నం నువ్వు రాకు. నేను చేస్తాను. ఎలా చెయ్యాలో చూపించి వెళ్లు" అన్నాడు కూతురితో.

"ముందు చేతులు కడుక్కో. సబ్బుతో" అంది ఆమె. ఆమె కోపమూ ఇంకా దిగలేదు.

ఆయన చేతిలోని మందు దూది పుండుకి తగలగానే భార్య ఒళ్లంతా బిగుసుకుంది.

"నొప్పిగా ఉందా?"

"లేదులెండి, రాయండి."

అబద్ధమని ఆయనకి తెలిసిపోయింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఏడుస్తూనే మందు రాశాడు.