దొంగవాగు దాచిన సొమ్ము

వాన మొదలైనప్పుడు సుభద్ర రొట్టెల మూట విప్పుతోంది. మేనమామ సుంకన్న తలమీద కొంగు కప్పబోయి, నేలవైపు చూసి అలాగే నిలబడిపోయింది.

ఎర్రమల కొండల్లో, గవిమెట్ట అనే గుట్టమీద, ఎప్పుడో ఒక పాళెగాడు కట్టించిన కోట శిథిలమై ఉంది. కప్పులేని సభామండపంలో నేలమీద మంచమంత నల్లరాయి ఒకటి పరిచి ఉంది. దాన్నిండా గుబ్బలు, గాడులు, గుంతలు. శిల్పి మధ్యలో వదిలేసిన పని అని ఊళ్లో అనుకునేవారు. ఇప్పుడు ఆ రాతిమీద వాననీళ్లు కదులుతున్నాయి. కాని ఇష్టం వచ్చినట్లు కాదు. పడమటి గుబ్బల వరుసకూ తూర్పు గుబ్బల వరుసకూ నడుమ ఒక పాయ దక్షిణంగా పారుతోంది. ఇటువైపు ఇంకొకటి ఉత్తరానికి మళ్లి పెద్ద పాయలో కలుస్తోంది.

హైస్కూల్లో పిల్లలకు నదులూ కొండలూ చెప్పే సుభద్రకు ఒళ్లు జలదరించింది.

"మామా! బిరీన ఇట్ల రా! ఇవి ఎర్రమలలు, అవి నల్లమలలు! నడుమ పారేది కుందేరు! ఇదో, ఇది హంద్రి, తుంగభద్రలో కలుస్తాంది. ఇది ఉత్త రాయి గాదు మామా, మన సీమ!"

సుంకన్న మోకాళ్లమీద కూర్చుని, మసకబారిన కళ్లను రాతికి దగ్గరగా తెచ్చాడు. చూపు ఆనక, వేళ్లతో తడిమాడు.

తల్లీతండ్రీ పోయిన సుభద్రను పసితనాన చంకనెత్తుకుని తెచ్చి పెంచింది ఈ మేనమామే. ఊరంతా ఆయన్ని నిధుల సుంకన్న అనేది. శత్రువులు కోటను ముట్టడించినప్పుడు పాళెగాడి భార్య తన బంగారమంతా దాచి, 'నీళ్లు దాగినచోట నా సొమ్ము దాగింది' అని చెప్పి కన్నుమూసిందని ఒక కథ. ఆ మాట పట్టుకుని సుంకన్న ఎండిన చెరువులూ పూడిన బావులూ తవ్వుతూ వయసంతా గడిపేశాడు. భార్య విసిగి పుట్టింటికి పోయింది. ఆయన మాత్రం మేనకోడల్ని భుజాన కూర్చోబెట్టుకుని, ఇది ఫలానా వాగు, అది ఫలానా గుట్ట అని చెప్తూ కొండలన్నీ తిరిగాడు. సుభద్రకు భూగోళం మొదట అర్థమైంది ఆ భుజంమీదనుంచే.

ఇప్పుడు ఆయన చూపు పోతోంది. "కండ్లు మూతపడకముందు కోట ఒక్కసారి జూసొద్దాం అమ్మీ" అని అడిగితే కాదనలేక తెచ్చింది. తోడు వచ్చిన ఆమె భర్త మద్దిలేటి నాపరాయి గనిలో మేస్త్రీ. ముసలాయన గుట్టెక్కలేడేమోనని మోకు కూడా తెచ్చాడు; గనిలో వాడే గడ్డపార, కొడవలి, బ్యాటరీ లైటు సరేసరి. దారిపొడుగునా సణుగుతూనే ఉన్నాడు.

"ఈ సన్న పాయ ఎట్ల పోతాందో జూడండి" అంది సుభద్ర, గొంతు తగ్గించి.

ఆ పాయ ఒక గుబ్బ దాకా వచ్చి, దాని కింద చిన్న బెజ్జంలో మాయమైంది. గుబ్బకు అవతల మరో బెజ్జంలోంచి బయటికి వచ్చి పారింది.

"దొంగవాగు!" అన్నాడు సుంకన్న. "ఈ మెట్ట కిందనే గదా, పారి పారి నేలలోకి దూరుతాది. నీళ్లు దాగినచోటు... ఎండిన చెరువు గాదు అమ్మీ. నీళ్లు బతికుండి దాక్కున్న చోటు!"

ఆయన ముఖంలోని వెలుగు చూశాక మద్దిలేటి కూడా సణగడం మానేశాడు.

చినుకులు ఆగాయి. ముగ్గురూ గుట్ట దిగి, ముళ్లపొదలు నరుక్కుంటూ దొంగవాగు వెంట నడిచారు. వేసవి పోయి మొదటి వానలు పడుతున్న రోజులు, వాగులో చీలమండ లోతు నీళ్లే ఉన్నాయి. కొండ అడుగున వెదురుపొద వెనక, పడుకున్న ఎద్దు నోరు తెరిచినట్లు ఒక బిలం. నీళ్లు గలగలమంటూ అందులోకి దిగిపోతున్నాయి.

మద్దిలేటి మోకు ఒక కొస చెట్టుకు బిగించి, రెండో కొస సుంకన్న నడుముకు కట్టాడు. "నేను ముందర పోతా. నా అడుగులోనే అడుగెయ్ పెద్దాయనా. సుభద్రా, లైటు పట్టు!"

లోపల గబ్బిలాల కంపు ముక్కు పగలగొట్టింది. బ్యాటరీ లైటు వెలుగుకు గబ్బిలాలు గుంపుగా లేచి తలలమీదుగా బయటికి దూసుకుపోయాయి. మోకు ఉన్నంతమేరా దాని సాయంతో దిగారు. తర్వాత దాన్ని అక్కడే విడిచి, గోడ వెంబడి ఉన్న రాతిగట్టు పట్టుకుని పాకుతూ సాగారు. పైనుంచి సున్నపుటూడలు తెల్లగా వేలాడుతున్నాయి. వాటి కొసల్లో నీటిబొట్లు మెరుస్తున్నాయి. చెయ్యి జారినప్పుడల్లా సుంకన్న "ఏం గాలేదు, ఏం గాలేదు" అనేవాడు. చిన్నప్పుడు తాను కింద పడినప్పుడు కూడా మామ ఇలాగే అనేవాడని సుభద్రకు గుర్తొచ్చింది.

ఉన్నట్టుండి గుహ విశాలమైంది. గట్టుకు ఎడమపక్క నల్లటి మడుగు, కదలకుండా, నిండుగా. మడుగు చివర ఒక అడ్డుగోడ. గోడమీదికెక్కి అవతలికి దిగి, సుభద్ర లైటు తిప్పి చూసింది.

అది రాతిగోడ కాదు. రాగి బిందెలు. ఒకదానిమీద ఒకటి పేర్చి, సందుల్లో సున్నం కూరి కట్టిన బిందెల గోడ. ఏళ్ల తరబడి నీరు చెమ్మగిల్లి అన్నిటిమీదా తెల్లటి పెచ్చు కట్టింది. సుంకన్న తడుముకుంటూ వచ్చి ఒక బిందె మూతిమీది పెచ్చును గోటితో గీకాడు. పగిలిన మూత సందులో బంగారు వరహాలు పచ్చగా మెరిశాయి.

సుంకన్న బిందెకు చెంప ఆనించి, నిద్రపోయే బిడ్డను పట్టుకున్నట్లు రెండు చేతులూ చుట్టాడు.

"దొరికినావా తల్లీ" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత లేచి, మద్దిలేటి వీపున కట్టుకొచ్చిన గడ్డపార అందుకున్నాడు.

సుభద్ర గోడ అడుగునుంచి చూపు తిప్పలేకపోతోంది. గోడకు ఒక మూల వదిలిన తూములోంచి సన్నటి ధార దిగి, ముందున్న రాతికాలువలో పడి చీకట్లోకి పోతోంది. కోటలోని రాతిమీద గుబ్బకు అవతలి బెజ్జం ఆమె కళ్లముందు మెదిలింది. మెట్టకు అవతల ఉన్నది ఊటకోన. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండినా ఆ ఊటకోన ఊటమీదే నాలుగు ఊళ్లు బతుకుతున్నాయి. పాళెగాడి భార్య బంగారాన్ని ఊరికే దాచలేదు. దానితో నీళ్లకు కట్ట కట్టించింది. ఒక్క బిందె ఊడిందా, కట్టంతా కూలుతుంది. మడుగు ఒక్కసారిగా కొట్టుకుపోతుంది. ఊట ఎండుతుంది.

ఆ మాట ఎలా చెప్పాలి? ఈయన దీనికోసం ఇల్లు పోగొట్టుకున్నాడు, ఇల్లాలిని పోగొట్టుకున్నాడు.

"మామా..." అని ఆగిపోయింది.

గడ్డపార గాలిలోనే నిలిచింది. "ఏందమ్మీ? ఏడుస్తాండావా?"

"ఈ నీళ్లు... ఊటకోనకు పోతాండాయి మామా."

అంతే చెప్పగలిగింది. సుంకన్న గడ్డపార కింద పెట్టాడు. తర్వాత గోడకు అరచెయ్యి ఆనించాడు. అవతల నిండు మడుగు బరువు ఆ చేతికి తెలిసినట్లుంది. వంగి, ధార కింద దోసిలి పట్టాడు. నిండిన దోసిలిని చూపుకు దగ్గరగా తెచ్చుకుని, మళ్లీ కాలువలోకే జాగ్రత్తగా వదిలాడు.

"ఒక్క బిందెనన్నా..." అన్నాడు మద్దిలేటి.

"వద్దు నాయనా" అన్నాడు సుంకన్న. "ఆయమ్మ దాయలేదు. పనిలో పెట్టింది. పనిలో ఉండేదాన్ని పీకగూడదు."

గడ్డపారను ఎత్తి గోడకు చేరగిల వేశాడు. అప్పుడే ఎక్కడో దూరంగా బండలు దొర్లినట్లు శబ్దం వచ్చింది. అది అంతకంతకూ పెరిగింది.

"వాగొచ్చింది!" మద్దిలేటి కేక పెట్టాడు. "పైన గట్టి వాన పడినట్లుంది! వచ్చిన దోవ మునిగిపోతాది! సుభద్రా, కాలువలో పడు! నీళ్లు యాడికి పోతే ఆడికి!"

వెనక వరద మడుగులో దూకింది. గోడమీదుగా నీళ్లు తెల్లగా పొర్లాయి. గోడ మాత్రం కదలలేదు. ముగ్గురూ కాలువ సొరంగంలో వంగి పరుగెత్తారు. మోకాళ్లు దాటి, నడుము దాటి నీళ్లు పెరిగాయి. లైటు జారి ఆరిపోయింది. ఒకచోట కప్పు బాగా వంగి, సందు ఇరుకైంది. సుభద్ర దూరింది. సుంకన్న భుజాలు ఇరుక్కున్నాయి.

"నన్నిడ్చిపెట్టండి! మీరు పోండి!"

"ఇడ్చిపెట్టేదానికా నిన్నింతదూరం తెచ్చింది!" వెనకనుంచి మద్దిలేటి గర్జించాడు. "ఊపిరి వదులు మామా! పూర్తిగా వదులు! సుభద్రా, గుంజు!"

పెళ్లయిన నాటినుంచి 'పెద్దాయనా' అనడమే తప్ప మద్దిలేటి ఆయన్ని మామా అనడం ఇదే మొదలు. సుభద్ర రెండు చేతులా పట్టి లాగింది. చొక్కా చినిగింది, చర్మం గీసుకుంది, ముసలాయన సందు దాటి ఆమె ఒళ్లోకి వచ్చి పడ్డాడు. ఆ వెంటే మద్దిలేటీ దూరాడు. వెనకనుంచి నీళ్లు ముగ్గుర్నీ తోసుకుపోయాయి. ముందు పచ్చటి వెలుగు కనిపించింది. తడి బండలకు పెరిగిన ఫెర్న్ ఆకుల తెర చీల్చుకుని, ఊటకోన గుండంలోకి మూటల్లా వచ్చి పడ్డారు.

గుండం గట్టున బిందె తోముతున్న ఒకామె కెవ్వుమని లేచి, ఆనక పరుగున వచ్చి చెయ్యందించింది. "అయ్యో తల్లీ! యాన్నుంచి పడినారు మీరు? నిధుల సుంకన్న గాదూ నువ్వు?"

సుంకన్న దగ్గి, నీళ్లు కక్కి, బండమీద చేరగిలబడ్డాడు. "వాగులో కాలు జారినాం తల్లీ." కొంచెం ఆగి అడిగాడు. "ఈ ఊట ఎప్పుడన్నా ఎండిందా?"

"యాడ ఎండిందన్నా! నేను కోడలుగా వచ్చినప్పటినుంచి జూస్తాండా, దార సన్నగిల్లను గూడ లేదు. మా యత్త గూడ అదే అంటాంటాది. ఏ పుణ్యాత్మురాలు పెట్టిన దీవెనో."

సుంకన్న తలూపాడు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. పెదవులమీద మాత్రం, సుభద్ర ఎన్నడూ చూడనంత నెమ్మదైన నవ్వు. ఆమె పక్కన కూర్చుని, గీసుకుపోయిన ఆయన భుజంమీది మట్టిని తడి కొంగుతో తుడిచింది.

"నొప్పిగా ఉందా మామా?"

"లేదమ్మీ" అన్నాడాయన. "ఆకలైతాంది."

ఆ మాట విని, బిందె తోముతున్న ఆమె తన సద్దిమూట తెచ్చి విప్పింది. రొట్టెలో మొదటి ముక్క తుంచి, మద్దిలేటి ఆయన చేతిలో పెట్టాడు.