ఆరు గొంతు బిళ్లలు

భోజనాల బెల్లు అయ్యాక పాటల టీచర్ సొరుగు తెరిచి చూస్తే డబ్బా ఖాళీ. పొద్దున అందులో ఆరు గొంతు బిళ్లలున్నాయి. టీచర్ గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఎల్లుండే స్కూలు వార్షికోత్సవం.

"అవి చాక్లెట్లు కావు," అంది టీచర్ మెల్లగా. గొంతులో క్రిముల్ని చంపే మందు కొంచెం కలిపి చేస్తారట. తియ్యగా ఉన్నాయని వరసపెట్టి తింటే కడుపు పాడవుతుందట. ఎవరైనా తిని ఉంటే చెప్పమంది, కోప్పడనంది. మేం కాదంటే మేం కాదన్నారు అందరూ.

మన సీఐడీ మాత్రం ముక్కుకి పని చెప్పింది. ఇంట్లో ఆ పిల్లకి అదే పేరు. ఫ్రిజ్‌లో ఖాళీ సీసా ఎవరు పెట్టారో కూడా ఆరా తీస్తుంది మరి. ఘాటైన మందు వాసన, అచ్చం ఆ డబ్బాలోదే, పక్క బెంచీ నుంచి వస్తోంది. అక్కడ కూర్చున్నది పిచ్చుక. సన్నగా, చిన్నగా ఉంటుందని క్లాసులో అందరూ అలాగే పిలుస్తారు. వార్షికోత్సవం పాటలో మొదటి లైను ఒంటరిగా అందుకోవాల్సింది తనే. సీఐడీ ఓరగా చూసింది. పిచ్చుక జడ చివర పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎవరో చూస్తున్నారని తెలియగానే జడ వెనక్కి విసిరేసింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? సీఐడీకి ఇంకేం కావాలి?

"టీచర్, పిచ్చుక దగ్గర బిళ్లల వాసన వస్తోంది."

క్లాసంతా తిరిగి చూసింది. పిచ్చుక తన సంచి బోర్లించింది. అందులో బిళ్లలు లేవు. తినేసి ఉంటుందన్నారు వెనక బెంచీ వాళ్లు. నిప్పు లేనిదే పొగ రాదంది సీఐడీ, పెద్ద ఆరిందాలా. టీచర్ అందరినీ కసిరి పాట మొదలుపెట్టమంది. ఇక నేను పాడను టీచర్ అని పిచ్చుక కూర్చుండిపోయింది.

సాయంత్రం గేటు దగ్గర పిచ్చుక వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆమె పక్కనుంచి వెళ్తూ సీఐడీ ఆగిపోయింది. అదే వాసన. అంటే తల్లి కూడానా? అనుమానం ఊరుకోనిస్తుందా, ఆంటీ మీ దగ్గర గొంతు బిళ్లలున్నాయా అని అడిగేసింది.

ఆమె నవ్వింది. "నేను ఆ బిళ్లల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తానమ్మా. ఎంత సబ్బు పెట్టి రుద్దినా చేతులకి ఆ వాసన పోదు. పొద్దున్నే దీనికి జడ వేసి డ్యూటీకి వెళ్తాను కదా, జడకీ అంటుకుంటుంది. భయం వేస్తే ఆ జడే వాసన చూసుకుంటుంది ఇది. అమ్మ పక్కనే ఉన్నట్టుంటుందట."

సీఐడీకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు క్లాసులో, నిన్న నిలబడ్డ చోటే మళ్లీ నిలబడింది. "ఉత్త వాసన పట్టుకుని పిచ్చుకని దొంగని చేశాను. తప్పు నాది," అంది. చెవులు ఎర్రబడ్డాయి. పిచ్చుక తలెత్తలేదు.

మరి బిళ్లలేమయ్యాయి? సొరుగులు తుడిచేది ఆయమ్మే కదా, ఆమే తీసుంటుందని వెనక బెంచీ వాడు గొణిగాడు. సీఐడీ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. పిచ్చుక దగ్గరికెళ్లి, ఆయమ్మని అడుగుదాం, తోడు రమ్మంది. పిచ్చుక ఆమె వంక కాసేపు అనుమానంగా చూసి, లేచింది.

ఆయమ్మ వరండా తుడుస్తోంది.

"ఆయమ్మా, టీచర్ సొరుగులో గొంతు బిళ్లలు చూశావా?" అంది సీఐడీ.

"డేట్ దాటిపోయాయి, నిన్న భోజనాల టైములో పారేశాను. ఏం, టీచర్ వెతికిందా? నన్నెవరూ అడగలేదే."

సీఐడీ తల వంచుకుంది. తిరిగి క్లాసులోకెళ్లాక పిచ్చుక జడ ఒకసారి ముక్కుకి ఆనించుకుని, పాట మొదటి లైను అందుకుంది.