తాళం తీసినా ఆగని కారు

తాళంచెవి భీమశంకరరావు గుప్పిట్లో ఉంది. కారు మాత్రం ఆయన కిరసనాయిలు దుకాణం ముందు దడదడలాడుతూనే ఉంది.

నరసన్నపేట బజారంతా చూస్తోంది. కూతురు కన్యాకుమారి పెళ్లికి తాంబూలాలు పుచ్చుకోవడానికి ఉదయం పాతపట్నం బయల్దేరాడాయన. సగం దారిలో ఇంజను టకటక కొట్టుకోవడంతో వెనక్కి తిప్పాడు. కొబ్బరికాయ, తమలపాకుల పళ్లెం వెనక సీటులో పెట్టింది పెట్టినట్టే ఉంది.

మేనల్లుడు ధర్మారావు బానెట్ ఎత్తాడు. దుకాణంలో కూర్చోమంటే కార్ల కింద పడుకుంటున్నాడని మేనమామకు అతనంటే మంట. పోయిన వారం ఈ కారు విప్పి బిగించింది అతనే. పిల్లనిమ్మని అడిగి తిట్లు తిన్నదీ అతనే. ఆ కక్షతోనే చెడగొట్టాడని, సాయంత్రంలోగా కార్లు బాగుచేసే షెడ్డు ఖాళీ చేసి ఊరు వదిలిపొమ్మని ఆయన బజారు మధ్యలోనే అరిచాడు.

ధర్మారావు పళ్లు బిగించి ప్లగ్గుల తీగలన్నీ పీకేశాడు. ఇంజను ఆగలేదు. గాలి పీల్చే గొట్టానికి గుడ్డ అడ్డం కుక్కాడు. రెండుసార్లు దగ్గి ఆగింది.

"ప్లగ్గులో నిప్పు లేకపోయినా తిరిగిందంటే, లోపలి మసే కణకణలాడి అంటిస్తన్నాది మావా. ఇది ఉత్త పెట్రోలు కాదు."

టాంకులోంచి ఒక చుక్క తీసి కాగితం మీద వేశాడు. పెట్రోలైతే మచ్చ లేకుండా ఆరిపోవాలి. జిడ్డు మరక మిగిలింది. ఆ దుకాణంలో రోజూ చూసే మరకే.

యుద్ధం రోజులు. కూపన్ల మీద గాలన్లు లెక్కపెట్టి తెచ్చుకునే పెట్రోల్లో కిరసనాయిలు.

"ఎవుడు పోసినాడు?" భీమశంకరరావు గద్దించాడు.

ధర్మారావు చూపు దుకాణం అరుగు మీదికి పోయింది. కన్యాకుమారి పమిట కొంగు వెనక్కి దాచుకుంటోంది. కొంగు మీద అదే మరక. ఇద్దరి కళ్లూ కలిశాయి. అతను తలదించుకుని, తానే పోశానన్నాడు.

మేనమామ చెయ్యెత్తాడు.

కన్యాకుమారి విసురుగా మెట్లు దిగింది. తండ్రి మీదకంటే బావ మీదే ఆమెకు ఎక్కువ కోపంగా ఉంది.

"పిల్లనియ్యనంటే నోరు మూసుకుని ఎల్లిపోయినావు. నేరం మీదేసుకోడానికి మాత్రం నోరొచ్చినాదేటి బావా?"

కొంగు తండ్రి ముందు పరిచింది.

"కారు కదలకూడదని పోసినాను. ఈ మాయదారిది ఆగడమే మానేసినాది. ఆ తాంబూలాలు ఎనక్కి తెచ్చింది బావ కాదు నాన్నా. నాను. నీ కూతురు కన్యాకుమారి."