వానకి ముందు వేసిన బాట

జోంబా కొండ వాలులో ఉండేవాళ్లకి వానాకాలం వస్తోందంటేనే గుబులు. ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. కిందటేడు అలాగే జారిపడి ఫలేసి వాళ్ల అత్త ఎనెరెసి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెకి చూపు కూడా సగానికి పైగా పోయింది. అందుకే ఈసారి తొలి చినుకు పడకముందే వాకిలి నుంచి పెరటి చివర మరుగుదొడ్డి దాకా ఇటుకల బాట వేసెయ్యాలని ఫలేసి పట్టుబట్టింది. మొగుడు లారీ మీద బెయిరా రేవుకి వెళ్లాడు. అతను వచ్చేదాకా వాన ఆగదు కదా.

ఏటి ఒడ్డున పాత ఇటుకల బట్టీ ఒకటుంది. ఎప్పుడో ఇటుకలు పేర్చి కాల్చి, ఆ పేర్పు విప్పకుండానే వదిలేశారు. గడ్డి మొలిచిపోయింది. ఆ ఇటుకలు ఎవరివని పొరుగున ఉండే మటోలాని అడిగింది. అతనిది ఇటుకలు కాల్చే పనే.

"ఎవరివీ కావు," అన్నాడతను ఎటో చూస్తూ. "వాటి జోలి నీకెందుకు వదినా? వచ్చే నెల నా బట్టీ విప్పుతాను, అప్పుడు తీసుకుందువుగాని."

"వచ్చే నెలకి మా అత్త రెండో తుంటి కూడా విరుగుతుంది. మోసిపెడతావా, నన్నే మోసుకోమంటావా?"

అతను మొయ్యలేదు. ఫలేసే తోపుడుబండి మీద తెచ్చుకుంది. నేల చదును చేసి, ఇసుక పోసి, తాడు కట్టి, ఒక్కో ఇటుకా తట్టి తట్టి కూర్చింది. ఎనెరెసి కర్ర ఊతంగా ఆ బాట మీద అటూ ఇటూ నడిచి మురిసిపోయింది. ఇక నీ చెయ్యి అక్కర్లేదు పోవే అంది కోడలితో.

నాలుగు రోజులు గడిచాయో లేదో, ముసలామె నడుస్తూ ఎవరితోనో మాట్లాడటం ఫలేసి చెవిన పడింది. వయసు మీద పడింది కదా అని ఊరుకుంది.

తొలివాన ఒక సాయంత్రం, వెలుతురు ఉండగానే దిగింది. కరెంటు పోయింది. రేకుల మీద ఒకటే మోత. ఫలేసి పొయ్యి ముందు మొక్కజొన్న సంకటి కెలుకుతోంది. పెరట్లో కర్ర చప్పుడు. టక్... టక్... దానితో పాటే, తడి ఇటుకల మీద చిన్న పాదాలు. చప్... చప్... చప్...

ఏదో పొగ వాసన. పొయ్యిది కాదు. మట్టి కాలుతున్న వాసన.

తెడ్డు వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. చిన్న అడుగులు ఆగిపోయాయి. ఎనెరెసి ఒక్కతే వస్తోంది. కుడిచేతిలో కర్ర. ఎడమచెయ్యి మాత్రం పక్కకి చాచి ఉంది... ఎవరికో వేలందించినట్టు.

"ఎవరత్తా?"

"మెల్లగా మాట్లాడవే, బెదురుతుంది," గుసగుసగా అంది ముసలామె. "లోపలికి రమ్మంటే రానంటోంది. పొయ్యంటే భయమట."

ఫలేసి వానలోకి దిగి అత్త కర్ర చెయ్యి పట్టుకుంది.

"మంచి పిల్ల. వాళ్లిల్లు ఈ బాట దాటాక కొంచెం దూరమేనట. తీసుకెళ్తానంది."

బాట చివర మరుగుదొడ్డి. ఆ వెనక ఏట్లోకి దిగే వాలు. అటు ఇల్లన్నదే లేదు.

తెల్లారగానే ఫలేసి మటోలా వాకిట్లో నిలబడింది. ఆ ఇటుకల సంగతేంటని నిలదీసింది. అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఆ బట్టీ పేర్చినప్పుడు, కట్టెలు పెట్టే సొరంగాల్లో దూరి ఆడుకునే పిల్ల ఒకతి ఉండేదట. నిప్పు పెట్టిన రోజు నుంచి కనబడలేదు. ఏరంతా గాలించారు.

"బట్టీ విప్పి చూద్దామని మాత్రం ఎవరూ అనలేదు వదినా," అన్నాడు. "వాళ్లమ్మ కూడా అనలేదు."

మధ్యాహ్నానికల్లా ఇద్దరూ కలిసి బాటంతా పీకేశారు. ఈసారి మటోలా కూడా మోశాడు. ఇటుకలన్నీ బట్టీ దగ్గరే పేర్చి, పాస్టరుని పిలిచి ప్రార్థన చేయించారు. ఎనెరెసి గోడవైపు తిరిగి పడుకుంది. సంకటి ముట్టలేదు.

"పాపం, ఇప్పుడెలా వస్తుందే అది?" అని ఒక్కమాటే అంది.

ఆ రాత్రి కుండపోత. ఫలేసి తలుపు గడియ వేసి అత్త పక్కనే చాప పరుచుకుంది. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. తలుపు బార్లా తీసి ఉంది. ఎనెరెసి గుమ్మంలో కూర్చుని ఉంది. జుట్టు, బట్టలు తడిసి నీళ్లు కారుతున్నాయి. మొహంలో ఎంతో తృప్తి.

"వెళ్లొచ్చానే," అంది.

పెరడంతా చీలమండ లోతు బురద. ఫలేసి కింద కూర్చుని అత్త పాదాలు పట్టుకోబోయింది. మట్టి మరకైనా లేదు. పొడిగా ఉన్నాయి. అరికాలికి చెయ్యి తగిలీ తగలగానే వెనక్కి లాక్కుంది...

చెయ్యి చురుక్కుమంది.