కాగితం ఫిల్టరు

ఉదయం ఏడింటికి సిరి డ్యూటీ బ్యాగు తగిలించుకుని వాకిట్లోకి వచ్చేసరికి, నాయన ఓబులేసు ఆమె బండి పక్కడబ్బా విప్పి దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"గాలి ఫిల్టరు యాడ?" తల ఎత్తకుండానే అడిగాడు.

"మెకానిక్ పీకేసినాడు నాయనా. అది మూసకపోయి బండి యాడంటే ఆడ ఆగిపోతాండె. ఇప్పుడు బాగానే పోతాంది. ఇంకా పికప్పే వచ్చింది."

"ఎన్ని దినాలైంది?"

"నాలుగు."

సిరి పశువైద్యశాలలో సహాయకురాలు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల నాలుగు ఊళ్ల గొడ్లకు సూదులు వేయడం ఆమె పని. బస్సులను నమ్ముకుంటే జరిగేది కాదు కనుక, ఇరవై ఏళ్ల నాటి తన బండిని నాయన ఆమెకు వదిలేశాడు. వాళ్ల వీధంతా శిల్పాల షెడ్లే. రాయి కోసే మిషన్లు తిరిగినంతసేపూ తెల్లటి పొడి గాలిలో తేలుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ పొడిలోనే విగ్రహాలు చెక్కుతున్నాడు ఓబులేసు.

"ఈ రాతిపొడి నేరుగా ఇంజన్లోకి పోతాంటే బాగుందంటావా? లోపలికి పోయింది మల్ల బయటికి రాదు." డబ్బా మూత చేతిలోకి తీసుకుని, గోడ పట్టుకుని లేచాడు. "బండి ముట్టొద్దు. నంద్యాలకు పోదాం పద. ఈ పాత మాడలుకు ఈడ దొరకదు."

"ఈ పొద్దు టీకాల క్యాంపుంది నాయనా."

"సగం పూట సెలవు పెట్టు."

వంటింట్లోంచి అమ్మ సుజాత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రెండు నెల్ల నుంచి ఆ దగ్గు చూపించుకోమంటే కదలవు. బండి దగ్గితే మాత్రం నంద్యాలకు పోతాండావ్."

ఓబులేసు చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచాడు.

బస్సులో సిరికి కుదురు లేదు. ఆఫీసు నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడుసార్లూ ఏదో సర్దిచెప్పింది. పక్కన నాయన మూతను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మధ్యమధ్య దగ్గు వచ్చినప్పుడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరుగుతున్నాడు.

నంద్యాలలో స్పేర్ పార్టుల షాపాయన మూడు ఫిల్టర్లు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఒకటి చవకరకం. ఓబులేసు దాని రబ్బరు అంచు మూతకు ఆనించి చూసి పక్కకు తోశాడు. అంచు దగ్గర గోరు పట్టేంత సందు ఉంది. మిగిలినవి రెండు. ఒకటి మడతల కాగితం ఫిల్టరు. మరొకటి స్పాంజిది.

"కాగితంది సన్న పొడిని గూడా ఆపుతాదన్నా. అయితే మీ రాతిదుమ్ములో మూడు నెల్లకోసారి మార్చాల," అన్నాడు షాపాయన. "స్పాంజిదైతే కిరోసిన్లో కడిగి, ఆరబెట్టి, రెండు చుక్కలు ఆయిల్ పట్టించి మల్ల వాడుకోవచ్చు. కాకుంటే కాగితమంత పని చెయ్యదు."

"కడిగేది ఆడపిల్లకు చాతనవుతాదా?"

"నేనీడే ఉండాను నాయనా," అంది సిరి.

ఓబులేసు వినిపించుకోలేదు. "ఎవరి సాయం లేకుండా ఇప్పి, కడిగి, మల్ల బిగించుకోగలదా? పిల్ల ఒక్కతే?"

అరగంట గడిచింది. అడిగిందే అడుగుతున్నాడు. మళ్లీ ఫోన్ మోగింది. సిరి దాన్ని నొక్కేసి నాయనవైపు తిరిగింది.

"ఏందీ నాయనా ఇది? స్పాంజిది తీసుకుంటే నెలకోసారి నువ్వే కడిగిస్తావు కదా. నీ ఛాతీ చూపిచ్చుకుందాం రా అని నేనెన్నిసార్లు పిలిచినా? ఒక్కనాడన్నా వచ్చినావా? ఈ ఫిల్టరు ముక్క కోసం ఇంత దూరం నా పని చెడగొట్టి తీస్కొచ్చినావు. ఈ బండి మీదుండే ప్రేమ నీ మీద నీకు లేదు. మా మీదా లేదు."

షాపాయన ఏదో వెతుకుతున్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

ఓబులేసు బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. "పొయ్యొచ్చినా," అన్నాడు.

"యాడికి?"

"ఆస్పత్రికి. పోయిన నెల ఈడికే వచ్చి ఎక్స్‌రే తీయించుకున్నా. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందన్నాడు డాక్టరు. అది పోయేది కాదంట. ఇకమీదట మిషన్ దగ్గరికి పోకుంటే, మందులు వాడుకుంటే, కొన్నేండ్లు నిమ్మళంగా ఉండొచ్చంట." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మీ అమ్మకు చెప్పలేకపోయినా. నీకూ చెప్పలేకపోయినా. నాకేమన్నా అయితే నువ్వు ఎవుర్నీ అడుక్కోకుండా నీ బండి నువ్వు చూసుకోవాల. అందుకే అన్నిసార్లు అడిగినా. నీకు చాతగాదని కాదు పాపా."

సిరికి ముందు కోపం వచ్చింది. నెల రోజులు ఈ మాట కడుపులో పెట్టుకుని, పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. ఏదో అనబోయింది. ఆయన ఇంకా ఆ డబ్బా మూతనే పట్టుకుని ఉండటం చూసి ఆగింది. కింద కూర్చుని ఆయన మోకాళ్ల మీద తల ఆనించుకుంది. షాపు అన్న సంగతే మర్చిపోయి ఏడ్చింది. ఓబులేసు ఆమె తల మీద చెయ్యి వేశాడు. లేపే ప్రయత్నం చేయలేదు.

కాసేపటికి ముఖం తుడుచుకుని అడిగింది. "మల్ల ఎప్పుడు రమ్మన్నాడు డాక్టరు?"

"మూడు నెల్లకోసారి రావాలంట. నేనింకా ఏమీ అనుకోలే."

సిరి లేచి, షాపాయనను పిలిచి, కాగితం ఫిల్టరు ముందుకు జరిపింది. "ఇది ఇయ్యండన్నా."

"అది మార్చినప్పుడల్లా ఈడికి రావాల కదమ్మా," అన్నాడు ఓబులేసు.

"వస్తాం నాయనా. ఇద్దరం వస్తాం. ముందు ఆస్పత్రికి పోయి, ఆ తర్వాత ఈ షాపుకు."

ఓబులేసు కూతురి ముఖంలోకి చూశాడు. జేబులోంచి డబ్బులు తీశాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఈసారి సిరి కూర్చుంది. మిషన్ పని మానేస్తే ఇల్లు గడవడం గురించి ఆయన ఏదో మొదలుపెట్టబోతే, నేనుండాను కదా అంది. శిరివెళ్ల దాటాక ఓబులేసు తనంతట తనే చెయ్యి చాచి ఆమె ఫోన్ తీసుకున్నాడు.

"సుజాతా, నేను. నీకొక మాట చెప్పకుండా దాచినా," అని మొదలుపెట్టాడు. అంతా చెప్పాడు. ఎక్కడా ఆగలేదు. అవతల అమ్మ ఏమంటోందో సిరికి వినపడలేదు. నాయన మాత్రం ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని చాలాసేపు విన్నాడు.

"తిట్టు, ఇంకా తిట్టు," అన్నాడు చివరికి. "ఏడవొద్దు. బేగా వచ్చేస్తాండాం."