రేడియో పెట్టిన టంకం

"ఏ వైరుకి పెట్టావు టంకం?"

ఆమె అడిగిన తీరుకి అతని నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆమె నాన్నతోపాటు కార్ల షెడ్డులో ఎలక్ట్రికల్ పని చేస్తుంది. అతను పక్క కొట్లో రేడియోలు బాగుచేస్తాడు. అందుకే షెడ్డులో అందరికీ అతను 'రేడియో'.

"మీ నాన్నగారి కారుకే. ఇంజనుకి కరెంటు వెళ్ళే వైరు నలిగిపోయి ఉంటే నిన్న కత్తిరించి అతికించాను. ఆయన చూడలేదు. జాయింటు ఎలా మెరిసిందనుకున్నావు!"

"నీ రేడియో బల్లమీద బుద్ధిగా కూర్చుంటుంది. ఇంజను కూర్చుంటుందా? టంకం పాకినంతమేరా వైరు పుల్లలా బిగుసుకుంటుంది. వణికీ వణికీ ఆ అంచున పుటుక్కుమంటుంది. అందుకే మేం కొసలు రాగి గొట్టంలో దూర్చి, పటకారులాంటి క్రింపర్‌తో నొక్కేది."

"ఉత్తినే నొక్కితే ఊడిపోదూ?"

"సరిగ్గా నొక్కితే నిన్ను వేలాడదీసినా ఊడదు."

మామూలు రోజైతే ఈ తగవు పొద్దుగూకే దాకా సాగేది. ఆమెకి అదే ఇష్టం. కానీ అమ్మని తీసుకురావడానికి నాన్న పొద్దున్నే ఆ కారులోనే కొండదారి పట్టాడు. బయట వాన. ఆమె ఫోను చేస్తే మోగుతోంది గానీ నాన్న ఎత్తడం లేదు.

"పద," అన్నాడు రేడియో.

ఇద్దరూ షెడ్డు వ్యానులో కొండ ఎక్కారు. ఒక మలుపు తిరగగానే రోడ్డు వారగా కారు. పక్కన గొడుగు కింద అమ్మ.

"వచ్చారా! మీ నాన్న బానెట్‌లో దూర్చిన తల ఇంకా బయటికి తియ్యలేదే. ఫోనేమో సీటు కిందెక్కడో పడేసుకున్నారు!"

ఆమెకి పోయిన ప్రాణం లేచివచ్చింది.

నాన్న తెగిన వైరు పైకెత్తాడు. "ఏమే చిట్టీ, నా షెడ్డులో టంకమా? నువ్వేనా?"

పని తెలియనివాడికి పిల్లనివ్వనని నాన్న ఎప్పుడూ అనే మాట ఆమె చెవుల్లో గింగురుమంది. "అవును నాన్నా, తొందరలో..."

"కాదండీ, నేను," అన్నాడు రేడియో. "మీ మెప్పు పొంది మీ అమ్మాయిని అడుగుదామనుకున్నాను. మీ ప్రాణాలమీదికి తెచ్చాను."

నాన్న టూల్ బాక్సు అతని ముందుకి తోశాడు.

"క్రింపర్ పట్టు. చిట్టీ, చెప్పు."

ఆమె చెప్పింది, అతను నొక్కాడు. "లాగు," అంది. లాగాడు. "అలా కాదు, కోపంగా." ఊడలేదు. తడి దిగకుండా పైన వేడికి బిగుసుకునే స్లీవు వేసి వేడిచేశాడు. స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పగానే ఇంజను గుర్రుమంది.

నాన్న చేతులు తుడుచుకున్నాడు. "పని నేర్పొచ్చు. తప్పు ఒప్పుకోవడం ఎవడికీ నేర్పలేం." కారు వెనక తలుపు తీసి అమ్మని ఎక్కించి, పక్కన కూర్చున్నాడు. "నువ్వే నడుపు. జాగ్రత్త, మీ అత్తయ్యకి కుదుపులు పడవు."

మీ అత్తయ్య! వ్యాను తలుపు పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది.

ఆ మాట విన్న రేడియో క్లచ్ వదిలేశాడు. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"నాన్నా," అని నవ్వుతూ కేకేసింది ఆమె, "వైరు బాగానే ఉంది!"