పచ్చదీపం ఉన్న ఇల్లు

జనవరి పంతొమ్మిది, ఆదివారం. ఇడ్లీలు, పచ్చి కొత్తిమీర పచ్చడి. పచ్చివి ఏం పెట్టారని డాక్టర్ అడిగితే కామేశం చెప్పిన జవాబది.

"తేదీతో సహా ఎలా గుర్తుందండీ?" అంది డాక్టర్ నసీమా, గోడ మీది తెరలోంచి.

"అమ్మాయి ఇక్కడికొచ్చిన నెలకి, ఆ రోజే తిన్నది కడుపులో నిలిచిందండి," అన్నాడు కామేశం. "తర్వాత వారం రోజులూ అదే చేసిపెట్టాను."

పక్కన కూతురు మేదిని కూర్చుని ఉంది. ఆరో నెల. మూడో నెల రక్తపరీక్షలో లేని టాక్సోప్లాస్మా జాడ ఈసారి కనబడింది. పిల్లుల మలంలో ఉండే కంటికి కనబడని క్రిమి అది. తల్లికి జ్వరమైనా రాకపోవచ్చు. కడుపులో బిడ్డ కళ్లకీ మెదడుకీ ప్రమాదం.

"పిల్లిని ముట్టుకున్నావా అమ్మా?"

"ఎక్కణ్ణించి ముట్టుకోనండీ? తలుపే తెరుచుకోదు కదా."

ఇరవై ఏళ్లుగా కాకినాడలో ప్రతి గుమ్మానికీ ప్రాణిసూచి ఉంది. ఇంట్లో జంతువు ఊపిరి తగిలితే ఎర్రగా, లేకపోతే పచ్చగా వెలుగుతుంది. ఎర్రదీపం ఉన్న తలుపు గర్భిణికి తెరుచుకోదు.

కామేశం ఇంటిది మొన్నటిదాకా ఎర్రదీపమే. భార్య రాజ్యం పెంచిన గవ్వ అనే పిల్లి ఉండేది. ఆవిడ పోయాక నాలుగేళ్లు ఆయనకు తోడు అదే. వేవిళ్లతో కూతురు వస్తానన్న రోజున దాన్ని బుట్టలో పెట్టి, ఊరవతల జంతువులను ఉంచే ప్రాణివాడలో అప్పగించి వచ్చాడు. దారంతా అది ఒక్కసారి కూడా అరవలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ దాని పట్ల కృతజ్ఞతే. మూడో రోజుకు దీపం పచ్చబడింది.

"కొత్తిమీర ఎక్కడిదండీ?"

"పెరట్లో కుండీలోదే."

"ఆ కుండీలోకి పిల్లి వెళ్లేదా?"

"మన్ను గీకేదండి. రోజూ."

"ఆకు కడిగారా?"

కామేశం తల అడ్డంగా ఊపాడు. రాజ్యం ఆకుకూరను మూడు నీళ్లలో కడిగేది. దీపం ఎర్రగా ఉన్న ఇల్లు మరి. పచ్చబడ్డాక ఆయన దులిపి నూరేశాడు. పచ్చదీపం ఉన్న ఇళ్లలో అందరూ అంతే. కడగడం మానేసి ఒక తరం గడిచింది.

"ప్రాణిసూచి ఊపిరినే చూస్తుందండీ, మన్నును చూడదు," అంది డాక్టర్. "ఆ మన్నులో ఈ క్రిమి ఏడాదికి పైగా బతుకుతుంది. మందులు ఈ రోజే మొదలుపెడదాం. రెండు వారాలాగి ఉమ్మనీరు పరీక్ష. బిడ్డకు చేరకపోయి ఉండే అవకాశమే ఎక్కువ."

తెర ఆరిపోయింది. కామేశం గోడనే చూస్తూ కూర్చున్నాడు. ఏడుపు రాలేదు.

"నాన్నా, కావాలని పెట్టావా ఏంటి?" అంది మేదిని. "లేచి వంట చూడు. నువ్వు చెయ్యకపోతే మీ అల్లుడు వచ్చి చేస్తాడు. ఆయన సాంబారు తింటే క్రిములు కాదు, నేనే చస్తాను."

ఆయన లేచాడు. తోటకూర మూడు నీళ్లలో కడిగి, పైకే లెక్కపెట్టి, బాగా మగ్గనిచ్చి వేపుడు చేశాడు. మేదిని మారు వడ్డించుకుంది. అది చాలనిపించింది ఆయనకు. ద్రాక్షపళ్లు కూడా మూడుసార్లు కడిగి, గిన్నెలో పోసి ఆమె మంచం పక్కన పెట్టాడు.

"పడుకో తల్లీ."

"నువ్వూ పడుకో నాన్నా."

తన గదిలో దుప్పటి దులుపుతుంటే వంటింట్లో అలికిడైంది. తలుపు సందులోంచి చూశాడు. మేదిని కుళాయి కింద ద్రాక్షగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. చప్పుడు కాకుండా నీళ్లను సన్నని ధారగా వదిలింది. నీళ్లు ఒంపింది. మళ్లీ పట్టింది. మళ్లీ ఒంపింది. మధ్యలో ఒకసారి ఆయన గది వైపు తిరిగి, ఆగి, విన్నది.

గుమ్మం మీద దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది.

మూడోసారి నీళ్లు పట్టేలోపు కామేశం వెనక్కి జరిగి, గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డంపెట్టి, తలుపు మెల్లగా మూసుకున్నాడు.